తప్పు ఎండది కాదు, మీ పైకప్పుది: క్యారవాన్ ఏసీ గురించి ఫిర్యాదు

క్యారవాన్ తయారీ కంపెనీ కస్టమర్ సర్వీస్ విభాగం అధిపతి గారికి,

విషయం: మీరు తయారు చేసిన, లోపలే పడుకుంటూ ప్రయాణించే మా క్యారవాన్ బండి పైకప్పులో ఏసీ గాలి దారులను సరిగా మూయకపోవడం, మూడుసార్లు చెప్పినా లోపం ఒప్పుకోకపోవడం గురించి.

ఆర్యా,

నా ఫిర్యాదులకు మీ ఆఫీసు పంపిన మూడు జవాబులూ ఇప్పుడు నా ముందున్నాయి. మూడింటిలోనూ ఉన్నది ఒకటే మాట: ‘ఎండలు ఎక్కువగా ఉన్నాయి, బండిని నీడలో నిలపండి, కర్టెన్లు వేసుకోండి.’ మూడో జవాబు వచ్చాక, ఇక ఫోన్లలో చెప్పి లాభం లేదని తేలిపోయింది. అందుకే ఇలా వివరంగా రాస్తున్నాను. దయచేసి చివరిదాకా చదవండి. ఈసారి నేను తప్పు ఎక్కడుందో కూడా చూపిస్తున్నాను.

ముందు నీడ సంగతి. నీడ విలువ మాకు తెలుసు. పొద్దున పడే నీడ మధ్యాహ్నానికి ఎటు జరుగుతుందో చూసుకునే బండి నిలుపుతాం. ముందు అద్దానికి బయటి వైపు నుంచే తెల్లటి కవరు కప్పుతాం, ఎందుకంటే ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాక కర్టెన్ వేస్తే, ఆ వేడి చాలావరకు లోపలే ఉండిపోతుంది. పైకప్పు కిటికీలకు స్పాంజి దిళ్ళు బిగించాం. ఎండ పడే వైపు పందిరి గుడ్డ చాపుతాం. వంట బయటే. బండి వేడెక్కాక ఏసీ వేస్తే అది అందుకోలేదని తెలిసి పొద్దున ఎనిమిదింటికే ఆన్ చేస్తాం. ఇవన్నీ మొదటి ఫిర్యాదులోనే రాశాను. అయినా అవే సలహాలు మళ్ళీ నాకే పంపారు.

క్యారవాన్ ఇల్లు కాదు, నిజమే. గోడలు పలుచన, వాటి లోపలి అల్యూమినియం చట్రం వేడిని నేరుగా లోపలికి మోస్తుంది, అద్దాలు ఎక్కువ. అందుకే ఇంట్లో ఇంత చిన్న గదికి అక్కర్లేనంత పెద్ద ఏసీని దీనికి పెడతారు. మా బండిలో ఉన్నది గంటకు 13,500 బీటీయూల (బీటీయూ అంటే వేడిని కొలిచే యూనిట్) వేడిని తీసేది. టన్ను అంటే 12,000 కాబట్టి టన్ను కంటే కాస్త ఎక్కువే. ఇంత చోటుకు, ఇన్ని జాగ్రత్తల మధ్య, అది చాలాలి.

చాలలేదు. మొన్న ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం బయట నీడలో 40 డిగ్రీలు ఉంది. ఏసీ వేసి ఏడు గంటలైంది. లోపల 36. వెనక పడక మీద మా అమ్మ పడుకుని ఉంది. ఆమెకు 72 ఏళ్ళు, బీపీ మాత్రలు వాడుతుంది. ఆ వయసులో దాహం సరిగా తెలియదు, చెమట కూడా తక్కువ పడుతుంది. గాలి వేడి మన చర్మం వేడిని దాటిపోతే ఫ్యాన్ కూడా పెద్దగా ఆదుకోదు, వేడి గాలినే మన మీదికి తోస్తుంది. లేపి చూస్తే మాట తడబడింది, కళ్ళు తిరుగుతున్నాయంది. కిందికి దించి చెట్టు కింద కూర్చోబెట్టి, మెడకూ చంకలకూ తడిగుడ్డలు పెట్టి, దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్ళాం. సాయంత్రానికి కోలుకుంది. ఆ గంటన్నరలో మేం పడ్డ టెన్షన్ మీ జవాబుల్లో ఒక్క వాక్యానికి కూడా నోచుకోలేదు.

ఆ తర్వాత మీ టెక్నీషియన్ వచ్చారు. గాలి లోపలికి పీల్చే జాలీ దగ్గర థర్మామీటర్ పెట్టారు, 33. పక్కనే ఉన్న మొదటి గాలి రంధ్రం దగ్గర పెట్టారు, 13. ‘తేడా 20 డిగ్రీలు ఉందండీ, ఏసీ బ్రహ్మాండంగా పనిచేస్తోంది’ అని కాగితం మీద సంతకం చేయించుకుని వెళ్ళిపోయారు. ఆయన మర్యాదస్తుడు, ఆయన మీద నాకు కోపం లేదు. మీరు ఆయనకు ఇచ్చిన పద్ధతే తప్పు.

ఎందుకంటే ఈ ఏసీ బయటి గాలిని తీసుకోదు. బండి లోపలి గాలినే పీల్చి, చల్లబరిచి తిరిగి వదులుతుంది. గాలిని చల్లబరిచే లోహపు గొట్టాల చుట్ట, అంటే కాయిల్ మీదుగా ఒకసారి వెళ్ళిన గాలి మామూలుగా 9 నుంచి 12 డిగ్రీలు చల్లబడుతుంది. 20 డిగ్రీల తేడా చూసి సంతోషించకూడదు, అనుమానించాలి. అంత చల్లటి గాలి వస్తోందంటే కాయిల్ మీదుగా గాలి సరిపడా పోవడం లేదనో, చల్లబడిన గాలే మళ్ళీ కాయిల్ మీదికి వస్తోందనో అర్థం. చెయ్యి పెట్టి చూస్తే ఆ రంధ్రంలోంచి గాలి చల్లగా ఉంది కానీ జోరు లేదు. వెనక పడక మీది రంధ్రం దగ్గర 27 డిగ్రీలు, ఆ గాలికి పల్చటి కాగితం కూడా కదల్లేదు. రెండు మూడు గంటలకోసారి కాయిల్ మీద మంచు గడ్డకట్టి, గాలి రావడమే ఆగిపోయేది. వెనక రంధ్రం కూడా చూడమని మీ టెక్నీషియన్‌ను అడిగాను. ఫారంలో ఆ గడి లేదన్నారు.

మీ ఆఫీసును మళ్ళీ అడిగితే ఈసారి రెండు కారణాలు చెప్పారు. మేం వాడే కరెంటులో వోల్టేజీ తక్కువ ఉండొచ్చట. అది మేం చూశాం. కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో కూడా మీటర్‌లో పెద్దగా పడలేదు. రెండోది, గ్యాస్ తగ్గి ఉండొచ్చు, ఏసీ తయారీదారు వేరే కంపెనీ కాబట్టి వాళ్ళనే అడగమన్నారు. ఇలాంటి రూఫ్ ఏసీలు ఫ్యాక్టరీలోనే సీలు చేసి వస్తాయి, మామూలుగా గ్యాస్ చూడటానికి వాల్వు కూడా ఉండదు. అంటే నన్ను మంచి ఏసీని పీకించి కొత్తది కొనుక్కోమన్నట్టే.

చివరికి లోపలి వైపు ప్లాస్టిక్ మూత నేనే విప్పాను. నాలుగు స్క్రూలు, పది నిమిషాల పని. ఏసీ కూర్చోవడానికి పైకప్పులో 14 అంగుళాల చదరపు రంధ్రం ఉంటుంది. దాని మధ్యలో ఒక అడ్డు పలక ఉండాలి. పీల్చే వేడి గాలి ఒక వైపు, వదిలే చల్ల గాలి ఒక వైపు. మా బండిలో ఆ పలకకూ పైకప్పు చెక్కకూ మధ్య వేలు దూరేంత సందు ఉంది. చల్లగాలి ఆ సందులోంచి నేరుగా పీల్చే వైపుకు వెళ్ళిపోయి, మళ్ళీ కాయిల్ ఎక్కుతోంది. అందుకే దగ్గరి రంధ్రంలో అంత చల్లదనం, అందుకే మంచు, అందుకే పడక దగ్గర ఉడుకు. ఇంకా ఉంది. వెనక్కి వెళ్ళే గాలి గొట్టాన్ని రంధ్రం అంచుకు అతికించనే లేదు. మిగిలిన చల్లగాలిలో చాలా భాగం పైకప్పు పొరల మధ్య ఖాళీలోకి పోతోంది. రంపపు పొట్టు కూడా ఇంకా అక్కడే ఉంది, కోసినవాళ్ళు తుడవను కూడా లేదు.

అల్యూమినియం టేపుతో ఆ సందులు మూశాను. గొట్టం అంచులు అతికించాను. మరే మార్పూ చేయలేదు. రెండు రోజుల తర్వాత మళ్ళీ బయట 40 డిగ్రీలే ఉన్నప్పుడు చూశాను. అమ్మ పడక దగ్గర రంధ్రంలో 19, లోపల మొత్తం మీద 28. జాలీకీ మొదటి రంధ్రానికీ తేడా 11 డిగ్రీలు. మంచు మళ్ళీ కట్టలేదు. అదే ఎండ, అదే నీడ, అదే కరెంటు, అదే ఏసీ.

కాబట్టి ఏసీ కంపెనీ మీదికి నెట్టడానికి వీల్లేదు. రంధ్రం కోసింది మీరు, పలక పెట్టింది మీరు, మూయకుండా మూత బిగించింది మీరు. ఒక్క బండిలోనే ఇలా జరిగిందనుకోవడం నాకు కష్టంగా ఉంది. మూతకింద పని ఎవరూ చూడరు కదా. మీ మిగతా కస్టమర్లలో ఎంతమంది ఇంకా ‘ఎండ ఎక్కువ’ అనుకుంటూ సర్దుకుపోతున్నారో! వాళ్ళలో చంటిపిల్లలు, ముసలివాళ్ళు, మందులు వాడేవాళ్ళు ఉంటారు.

నేను కోరేవి ఇవి. మీ ఖర్చుతో పైకప్పు లోపలి పని శాశ్వతంగా సరిచేయండి. మూత విప్పానన్న సాకుతో వారంటీ తీసేయబోమని రాసివ్వండి. అమ్మ ఆసుపత్రి ఖర్చు, టేపు ఖర్చు చెల్లించండి, రసీదులు జతచేశాను. అన్నిటికంటే ముఖ్యం, ఇదే నమూనా బండ్లు కొన్నవాళ్ళందరికీ ఉత్తరం రాసి, ఆ మూతలు విప్పించి చూడండి. మీ తనిఖీ ఫారంలో అన్నిటికంటే దూరంగా ఉన్న రంధ్రానికి కూడా ఒక గడి పెట్టండి. ‘మండుటెండలోనూ చల్లటి ప్రయాణం’ అని మీ ప్రచార పుస్తకంలో రాసిన చోట, బయట ఎన్ని డిగ్రీలుంటే లోపల ఎన్ని డిగ్రీలు వస్తుందో అంకెల్లో రాయండి. నమ్మి ఎక్కేవాళ్ళకు అది తెలియాలి.

మూత విప్పక ముందు, తర్వాత తీసిన ఫోటోలు, గంట గంటకూ రాసుకున్న ఉష్ణోగ్రతలు, మీ మూడు జవాబుల నకళ్ళు దీనితో పంపుతున్నాను. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. రాకపోతే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను.

నేను వేసిన టేపు తాత్కాలికం. పైకప్పు వేడికి దాని జిగురు ఎన్నాళ్ళు ఆగుతుందో చెప్పలేను. వచ్చే నెల అమ్మను తీసుకుని మళ్ళీ బయల్దేరాలి. ఆలోపే మీ మనిషిని పంపండి.

ఇట్లు,
మీ క్యారవాన్ యజమాని