నలభై గుండెలకు రెండు కళ్లు

సంపాదకులకు,

చెన్నైలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కార్డియాక్ మానిటర్ టెక్నీషియన్‌గా తొమ్మిదేళ్లుగా రాత్రి డ్యూటీ చేస్తున్నాను. మా బంధువుల లెక్కలో ఇది ఏసీ గదిలో కూర్చుని టీవీ చూసే ఉద్యోగం. కొంత నిజమే. వార్డుల్లో పడుకున్న గుండె జబ్బు రోగుల ఈసీజీ గీతలే ఆ టీవీ. పగలు ముగ్గురు చూసే తెరలను రాత్రి ఎనిమిది నుంచి ఉదయం ఎనిమిది దాకా నేనొక్కడినే చూస్తాను. ఒక్కోరోజు 38 మంది, ఒక్కోరోజు 40.

అలారం మోగితే కదలాలని చదువుకున్నాం. కానీ చెమటకు ఛాతీకి అంటించిన ఎలక్ట్రోడ్ బిళ్ల ఊడినా, జెల్ ఎండిపోయినా, రోగి గోక్కున్నా అది మోగుతుంది. తెల్లవారుజామున ఎవరైనా పళ్లు తోముకుంటే ఆ చేతి ఊపుకు గీత అచ్చం వెంట్రిక్యులర్ టాకీకార్డియాలా, అంటే గుండె కింది గదులు ప్రమాదకరమైన వేగంతో కొట్టుకుంటున్నట్టు, ఎగిరిపడుతుంది. గాఢనిద్రలో గుండె నిమిషానికి 45 సార్లకు తగ్గితే దానికీ ఒక కూత. ‘నాన్నా పులి’ కథే. రాత్రి మూడు గంటలు దాటాక, మెదడు కంటే ముందే వేలు శబ్దం ఆపే మీట మీదికి పోతుంది. ఆ కూతల్లో ఒకటి నిజమై, గుండె ఫిబ్రిలేషన్‌లో పడితే, అంటే సరిగా కొట్టుకోక ఊరికే వణికితే? ఛాతీ నొక్కేవారు లేనప్పుడు, గుండెను మళ్లీ గాడిలో పెట్టే కరెంటు షాక్ ఆలస్యమయ్యే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది.

నాకు ఇంకో ఉద్యోగం కూడా ఉంది, జీతం లేనిది. నెల్లూరు, సూళ్లూరుపేట, తిరుపతి వైపు రోగులు మా దగ్గర ఎప్పుడూ ఉంటారు. పగలు వారికి తెలుగులో మాట సాయం చేసే కౌంటరు ఉంది. రాత్రి నేనే. ‘అణ్ణా, ఈ పెద్దాయన ఏమంటున్నారో కాస్త వచ్చి చెప్పండి’ అని సిస్టర్ ఫోన్ చేస్తారు. గత వేసవిలో అలాగే వెళ్లాను. ఆయన ఛాతీ మీది తీగలన్నీ పీకేసి, ‘బాత్‌రూమ్‌కు వెళ్లాలన్నా ఈ కట్లేమిటి నాయనా’ అని కోప్పడుతున్నారు. నచ్చజెప్పి వచ్చేసరికి నాలుగు నిమిషాలు. ఆలోగా వేరే వార్డులో ఒకామె గుండె ఆరు సెకన్లు ఆగి మళ్లీ కొట్టుకుంది. అక్కడి సిస్టర్ మరో మంచం దగ్గర ఉన్నారు. ఆమెకు ఏమీ కాలేదు, తరువాత పేస్‌మేకర్ పెట్టారు. జరిగింది నేనే రాసి ఇచ్చాను. ‘ఇకపై కుర్చీ వదలవద్దు’ అని జవాబు వచ్చింది. పన్నెండు గంటలు! నీళ్లు తాగడం తగ్గించాను.

మా వంటి వృత్తుల కోసం 2021లో పార్లమెంటు జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం చేసింది. చదువుకు ప్రమాణాలు, పేరు నమోదు అవసరమే, కాదనను. కానీ నమోదైన మనిషికీ తెల్లవారుజామున కళ్లు మూతపడతాయి. ఒక టెక్నీషియన్ రాత్రి గరిష్ఠంగా ఎంతమందిని చూడవచ్చో, ఎన్ని గంటలకోసారి మరొకరు వచ్చి ఆ కుర్చీలో కూర్చోవాలో ఆరోగ్య శాఖ ఆసుపత్రుల రిజిస్ట్రేషన్ షరతుల్లోనే రాయాలి. ఆ సంఖ్యను వార్డు తలుపు మీద అంటించాలి. రెండో మనిషి జీతం బరువంటారేమో, బిల్లులో మానిటర్ ఛార్జీ రాత్రికి కూడా వేస్తున్నారు కదా.

రోగుల బంధువులు నన్ను క్యాంటీన్ ఎక్కడని అడుగుతారు, డాక్టరు ఎప్పుడొస్తారని అడుగుతారు. ఈ తెరను రాత్రి ఎంతమంది చూస్తారని తొమ్మిదేళ్లలో ఒక్కరూ అడగలేదు.

— ఒక టెక్నీషియన్, చెన్నై
(పేరు ప్రచురించవద్దని మనవి)