పొగ పరీక్షప్పుడు బానెట్ కూడా తెరిపించాలి

సంపాదకుల గారికి నమస్కారం.

నేను కడపలో ఆర్టీసీ గ్యారేజీ మెకానిక్‌గా చేసి రిటైరయ్యాను. ఇంట్లో 2017 మోడల్ పెట్రోలు కారు ఉంది. పోయిన మే నెలలో మా చెల్లెలి ఇంటికని రాయచోటికి బయలుదేరాం. ఘాట్ ఎక్కేసరికి మా ఆవిడకు విపరీతమైన తలనొప్పి, కడుపులో తిప్పడం. గువ్వలచెరువులో కోవా కొందామని ఆగి పావుగంట చెట్టు కింద కూర్చుంటే తగ్గింది. అద్దాలు ఎత్తి ఏసీ వేసి కదిలితే మళ్లీ మొదలు. వడదెబ్బేమో అని మజ్జిగ తాగించాను. మరుసటి రోజు తిరిగి వస్తున్నప్పుడూ అంతే. అప్పుడు వచ్చింది అనుమానం, ఇంజన్ పొగ లోపలికి వస్తోందేమోనని. వడదెబ్బయితే చల్లటి కారులో పెరిగి, కారు దిగితే తగ్గుతుందా?

అంతకు నెల ముందు నుంచే పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజన్ దగ్గర టక్ టక్ మని శబ్దం వచ్చేది. రెండు కిలోమీటర్లు పోతే ఆగిపోయేది. ఇంజన్ వాల్వులను కదిపే ట్యాపెట్‌ల శబ్దమే అనుకుని వదిలేశాను. ఈ పనిలోనే బతికినవాణ్ణి, వినాల్సిన శబ్దం వినలేదని ఇప్పటికీ బాధగా ఉంది. అది మెనిఫోల్డ్, అంటే సిలిండర్ల పొగను సైలెన్సర్ గొట్టంలోకి చేర్చే భాగం, ఇంజన్‌కు అతికేచోట పొగ కారే శబ్దం. ఆ మెనిఫోల్డ్ పోత ఇనుము. వేడెక్కి సాగితే సందు మూసుకుని శబ్దం ఆగుతుంది, అంతే తప్ప లీకు పోదు. ఘాట్‌లో ఇంజన్ మీద లోడు పడ్డప్పుడు మళ్లీ తన్నుకొస్తుంది.

మరుసటి ఉదయం ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించి, మా అబ్బాయిని తడిగుడ్డతో సైలెన్సర్ మూతి కాసేపు అదిమి పట్టమన్నాను. రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొస మెనిఫోల్డ్ చుట్టూ తిప్పాను. నాలుగో సిలిండర్ దగ్గరికి రాగానే బుస్ బుస్ మని చెవిలో కొట్టింది. వేడి తగలకుండా ఉండే రేకు విప్పి చూస్తే, అతుకు మధ్య పెట్టే గ్యాస్కెట్ అంచున కాటుక దిద్దినట్టు వేలెడు పొడవున నల్లటి మసి.

బ్యాటరీ తీగ తీసి, ఆక్సిజన్ సెన్సర్ ఊడదీసి, నట్లకు తుప్పు ఆయిల్ కొట్టి రాత్రంతా నాననిచ్చాను. తొందరపడి పానా వేసి లాగితే స్టడ్డు, అంటే నట్టు ఎక్కే మర కడ్డీ, తెగుతుంది, ఆ తర్వాత పని పదింతలవుతుంది. చివరి స్టడ్డు అప్పటికే విరిగి ఉంది. వేడికి సాగడం, చల్లారి ముడుచుకోవడం కొసల్లోనే ఎక్కువ, అందుకే ముందు తెగేవి కొసలవే. బయటికి మిగిలిన ముక్క మీద నట్టు పెట్టి వెల్డింగ్ చేయించి తిప్పితే వచ్చింది. ఇంజన్‌కు ఆనే మెనిఫోల్డ్ మొహం మీద స్టీలు స్కేలు నిలబెడితే ఆ కొసన సందులోంచి వెలుతురు కనిపించింది. వంగిపోయింది. లేత్ షాపులో మొహం చదును చేయించి, కొత్త గ్యాస్కెట్, కొత్త స్టడ్లు వేసి, మధ్య నుంచి కొసలకు మూడు విడతల్లో బిగించాను. తలనొప్పి పోయింది, తగ్గిన మైలేజీ కూడా తిరిగొచ్చింది.

నేను ఈ ఉత్తరం రాయడానికి కారణం వేరే. ఈ కారుకు అంతకు రెండు నెలల ముందే పొల్యూషన్ సర్టిఫికెట్ వచ్చింది. సైలెన్సర్‌లో గొట్టం పెట్టారు, నంబరు ప్లేటు ఫోటో తీశారు, కాగితం ఇచ్చారు. బానెట్ ఎత్తమని ఎవరూ అడగలేదు. మా కారులాంటి బీఎస్-4 పొగ ప్రమాణం పెట్రోలు కారుకు ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ తిరుగుతున్నప్పుడు, కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం దాటకూడదు. అయితే సైలెన్సర్ మూతి దగ్గర కొలిచేది కెటలిటిక్ కన్వర్టర్ శుభ్రం చేసి వదిలిన పొగను. మెనిఫోల్డ్ దగ్గర కారేది దానికి ముందుది, పచ్చి విషం. అది వైపర్ల కింది జాలీ గుండా, డ్యాష్‌బోర్డు వెనక వైర్ల రంధ్రాల గుండా మనుషులు కూర్చున్న చోటికి వస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే దాన్ని 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మన ఎండలకు అద్దాలు దించుకుని పోయేవాళ్లు ఎంతమంది?

రవాణా శాఖ అధికారులకు నా విన్నపం ఒక్కటే. పొగ పరీక్ష చేసేచోట రెండు నిమిషాలు బానెట్ తెరిపించి, మెనిఫోల్డ్ దగ్గర మసి చార ఉందేమో టార్చి వేసి చూడమనండి. సైలెన్సర్ మూతికి గుడ్డ అడ్డం పెట్టి లీకు శబ్దం వినమనండి. దీనికి కొత్త మెషీన్లు అక్కర్లేదు. లీకుంటే బాగుచేయించుకుని వచ్చేదాకా సర్టిఫికెట్ ఆపండి. గ్యారేజీల తమ్ముళ్లకూ ఒక మాట. పైపైన పేస్టు పూసి పంపకండి. అది నెల తిరక్కుండా కాలి రాలిపోతుంది. తిరుపతికి బాడుగకు తిరిగే బండ్లలో వెనక సీట్లో చంటిపిల్లలు పడుకుని ఉంటారు.

ఇట్లు,
ఆర్టీసీ రిటైర్డ్ మెకానిక్,
కడప