గురువారం లైబ్రరీ సెషన్: సైటేషన్లు, హెచ్-ఇండెక్స్

రీసెర్చ్ స్కాలర్లందరికీ నమస్కారం.

గురువారం మధ్యాహ్నం 3 గంటలకు లైబ్రరీ కంప్యూటర్ గదిలో కలుద్దాం. లైబ్రేరియన్ గారు ఒక్కొక్కరి ఆన్‌లైన్ రీసెర్చ్ ప్రొఫైల్ దగ్గరుండి సరిచేయిస్తారు. ఇలాంటి సాయం ఊరికే దొరకదు, వదులుకోకండి.

ఆర్కిడ్ ఐడీ (ఒక్కో పరిశోధకుడికి ఇచ్చే ప్రత్యేక నంబరు) లేనివాళ్లు ముందే తీసుకోండి, ఉచితమే. ఒక పేపర్లో ఇంటిపేరు పూర్తిగా, ఇంకోదాంట్లో పొడి అక్షరంతో ఉంటే డేటాబేస్ ఇద్దరు మనుషులనుకునే ప్రమాదం ఉంది. అప్పుడు మీ సైటేషన్లు, అంటే మీ పేపర్లను ఇతరులు తమ పేపర్లలో ఉదహరించిన లెక్క, రెండు చోట్లకు చీలిపోతాయి.

హెచ్-ఇండెక్స్‌ను 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించారు. పేపర్లెన్ని, వాటికి సైటేషన్లెన్ని అనే రెండూ కలిపి చెప్పే అంకె ఇది. మీ పేపర్లలో ఐదింటికి కనీసం ఐదేసి సైటేషన్లు ఉండి, ఆరింటికి ఆరేసి లేకపోతే మీది 5. గూగుల్ స్కాలర్‌లో 7, స్కోపస్ అనే డేటాబేస్‌లో 4 కనిపిస్తే టెన్షన్ పడకండి. రెండూ లెక్కపెట్టే పత్రాలు వేరు. అంకె పక్కన ఎక్కడిదో, ఏ తేదీదో రాస్తే చాలు.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (ఒక జర్నల్ పేపర్లకు సగటున వచ్చే సైటేషన్ల లెక్క) మాత్రం జర్నల్‌ది, మీ పేపర్‌ది కాదు. దరఖాస్తుల్లో దాన్ని మీ ఖాతాలో వేసుకోవద్దని నా గట్టి మాట.

వచ్చేవాళ్లు బుధవారం సాయంత్రంలోగా ఇక్కడే పేరు పెట్టండి, సీట్లు తక్కువ.

ల్యాప్‌టాప్, పబ్లికేషన్ల లిస్టు మర్చిపోవద్దు.