గుల్మార్గ్ మంచుకు పూచీ ఎవరిది?

జనవరిలో కశ్మీర్‌లోని గుల్మార్గ్ వెళ్తే మంచు ఖాయమని చెప్పి హైదరాబాద్‌లో యాత్రా ప్యాకేజీలు అమ్మడం మానాలి. 2024 జనవరి రెండో వారంలో ఆ మాట నమ్మి మేము నలుగురం వెళ్లాం. స్కీయింగ్ చేయాల్సిన వాలు మీద ఎండిన గోధుమరంగు గడ్డి, పక్కన బోర్లించిన చెక్క స్లెడ్జీలు. అద్దె బూట్లకు మాత్రం డబ్బు ముందే కట్టించుకున్నారు! తీరా మంచు నెలాఖరులో కురిసింది. ఎత్తూ చలీ ఉన్నంత మాత్రాన మంచు పడదు. మధ్యధరా ప్రాంతం వైపు నుంచి వచ్చే అల్పపీడనాలు, అంటే పశ్చిమ అలజడులు, తేమను మోసుకొచ్చి పీర్ పంజాల్ కొండలను ఎక్కాలి, ఎక్కుతూ చల్లబడాలి. అప్పుడే సుమారు 2,650 మీటర్ల ఎత్తున్న గుల్మార్గ్‌కు మంచు దక్కుతుంది. లద్దాఖ్ అంతకన్నా ఎత్తయినదే, కానీ తేమ దారిలోని కొండల మీదే చాలావరకు రాలిపోవడంతో అక్కడ పొడి చలే ఎక్కువ. ఆ అలజడులు బలహీనపడితే కశ్మీర్‌లో చలి అతి తీవ్రంగా ఉండే చిల్లై కలాన్ నలభై రోజులూ పొడిగా గడిచిపోవచ్చు. 2025లో గుల్మార్గ్‌లో జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలనే మంచు చాలక ఫిబ్రవరి నుంచి మార్చికి జరిపారు. కాబట్టి గుల్మార్గ్ మైదానంలో, పైన అఫర్వత్ శిఖరం వాలులో ఎంత మందాన మంచు ఉందో పర్యాటక శాఖ రోజూ విడివిడిగా ప్రకటించాలి. ఏజెంట్లు ‘మంచుకు హామీ లేదు’ అని రసీదు మీద తెలుగులో అచ్చువేయాలి. మంచు లేకపోతే అదనపు రుసుము లేకుండా తేదీ మార్చుకోనివ్వాలి.