ప్రశ్నలడగడమే ఆమె ఉద్యోగం

సంపాదకుడికి,

అంబులెన్స్ కోసం ఫోన్ చేస్తే బండి పంపకుండా ప్రశ్నలతో కాలం గడిపారంటూ 'ప్రాణం పోతుంటే ప్రశ్నల పరంపర' అని పోయిన వారం మీరు మొదటి పేజీలో వేసిన వార్త, మర్నాడు దాని మీద సంపాదకీయం, ఆ మర్నాడు ఆ ఫోన్ ఎత్తిన అమ్మాయిని సస్పెండ్ చేశారని 'కాల్ టేకర్‌పై వేటు' అన్న బాక్స్ ఐటెమ్ మూడూ చదివాను. అసలు సంగతి ఇంకెవరైనా రాస్తారేమోనని ఇన్నాళ్లు ఆగాను. ఎవరూ రాయలేదు. ఆ కాల్ రికార్డింగు అందరి ఫోన్లలోనూ తిరిగింది కాబట్టి మళ్లీ చెప్పక్కర్లేదు. అటు ఫోన్ చేసినాయన 'ముందు బండి పంపండమ్మా' అని అరవడం, ఇటు ఆ అమ్మాయి 'ఊపిరి తీసుకుంటున్నారా అండీ' అని అదే మాట అదే గొంతుతో అడగడం. అది విని జనానికి కోపం వచ్చింది. పైవాళ్లకు బలి ఇవ్వడానికి ఒక మనిషి దొరికింది, అదీ కొత్తగా చేరిన మనిషి.

ఆమె ప్రశ్నలడుగుతున్నంత సేపూ అంబులెన్స్ ఆగే ఉందని మీ విలేకరికి ఎవరు చెప్పారు? ఓ మోస్తరు కంట్రోల్ రూమ్‌లో ఫోన్ ఎత్తేవాళ్లు వేరు, బండిని పంపే డిస్పాచర్ వేరు. కాల్ టేకర్ చిరునామా, కేసు రకం టైపు చేసి బటన్ నొక్కగానే అది డిస్పాచర్ తెర మీద పడుతుంది. ఆయన రేడియోలో బండిని కదిలిస్తాడు. ఇటు ప్రశ్నలు సాగుతూనే ఉంటాయి, వచ్చే జవాబులు దారిలో ఉన్న సిబ్బందికి అందుతూనే ఉంటాయి. చిన్న కేంద్రాల్లో ఈ రెండు పనులూ ఒక్కరి నెత్తినే రుద్దుతారు. అది నిజంగా వార్తే. దాన్ని మాత్రం ఎవరూ వేయరు.

ప్రశ్నల వరసకూ లెక్క ఉంది. మొదట ఎక్కడ, తర్వాత ఏ నంబరు నుంచి చేస్తున్నారు, ఆ తర్వాతే ఏం జరిగింది. లైను మధ్యలో తెగిపోతే ఒక్క చిరునామా చేతిలో ఉన్నా బండి పంపొచ్చు. గుండెనొప్పి అని తెలిసి, చోటు తెలియకపోతే చేసేదేమీ లేదు. 'ఫోన్ చేయగానే మేమెక్కడున్నామో మీకు కనిపించదా' అని చాలామంది విసుక్కుంటారు. టవర్‌ని బట్టి వచ్చేది ఒక వృత్తం. అది కొన్ని వందల మీటర్లు ఉండొచ్చు, కిలోమీటర్లూ ఉండొచ్చు, నది అవతలి ఒడ్డునూ చూపించొచ్చు. జీపీఎస్ అందినా ఎన్నో అంతస్తో చెప్పదు. హైవే మీదైతే ఏ ఊరు దాటారు, ఏ వైపు వెళ్తున్నారు, కిలోమీటరు రాయి మీద ఏ అంకె ఉంది అని అడగాల్సిందే. డివైడర్‌కు అటువైపు రోడ్డులో వచ్చిన బండి యూ టర్న్ దొరికే దాకా ముందుకు పోవాలి మరి. చిరునామాను 'ఫలానా వీధేనా?' అని అడగకూడదని శిక్షణలో మొదటి రోజే చెబుతారు. కంగారులో ఉన్న మనిషి దేనికైనా 'ఆఁ' అంటాడు. ఆయన నోటితోనే రెండోసారి చెప్పించాలి. రికార్డింగులో ఆ అమ్మాయి చేసింది అదే. మీ విలేకరి దానికి పెట్టిన పేరు 'అడిగిందే అడగడం'.

ఇక ఊపిరి ప్రశ్న. స్పృహ ఉందా, ఊపిరి మామూలుగా ఆడుతోందా అన్న ఈ రెండింటి మీదే మిగతాదంతా ఆధారపడుతుంది. గుండె ఆగిపోయిన మనిషి కొన్ని నిమిషాల పాటు ఉండుండి నోరు తెరిచి ఎగశ్వాస తీస్తాడు, గురక లాంటి చప్పుడూ వస్తుంది. చూసేవాళ్లు 'ఊపిరి ఉందండీ' అంటారు. అది ఊపిరి కాదు. ఆ మాట నమ్మి వదిలేస్తే ఛాతీ నొక్కడం మొదలుకాదు. ఛాతీ నొక్కకుండా, గుండెకు కరెంటు షాక్ ఇవ్వకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం పడిపోతుంది. అందుకే మళ్లీ అడుగుతారు, అనుమానం తీరకపోతే 'ఛాతీ పైకి లేచిన ప్రతిసారీ ఇప్పుడు అనండి' అని అనిపిస్తూ మధ్యలో ఎన్ని సెకన్లు గడిచాయో లెక్కపెడతారు. ఊపిరి సరిగ్గా లేదని తేలితే మనిషిని మంచం మీద నుంచి దించి గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టించాలి. పరుపు మీద నొక్కితే పరుపే దిగుతుంది. ఫోన్ స్పీకర్‌లో పెట్టించాలి. ఛాతీ మధ్యలో ఒక అరచేతి మడమ (మణికట్టు దగ్గరి భాగం), దాని మీద రెండో చెయ్యి, కనీసం 5 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. సిబ్బంది వచ్చి చేయి వేసే దాకా కాల్ టేకర్ లైన్లో ఉండి ఒకటి రెండు మూడు నాలుగు అని గట్టిగా లెక్కపెడుతూనే ఉండాలి. ఒకే వాక్యాన్ని ఒకే గొంతుతో తిరిగి తిరిగి చెప్పడం కఠినత్వం కాదు, నేర్పిస్తే వచ్చిన పద్ధతి. మాట మార్చినప్పుడల్లా అరిచే మనిషి మళ్లీ మొదటికొస్తాడు, మారకపోతే నాలుగోసారికో ఐదోసారికో వింటాడు.

ఇంత పని చేసే సీటుకు ఉద్యోగ ప్రకటనలో ఏమడుగుతున్నారో మీ పత్రికలోనే చూడండి. డిగ్రీ, టైపింగ్, 'చక్కటి మాటతీరు'. జీతం డేటా ఎంట్రీ వాళ్లది, అదీ కాంట్రాక్టు ఏజెన్సీ కోత పోగా. తరగతి గదిలో నేర్చుకున్నాక కొత్తవాళ్లను అనుభవజ్ఞుల పక్కన కూర్చోబెట్టి, ఇద్దరి హెడ్‌సెట్లూ ఒకే కన్సోల్‌కు తగిలించి, తప్పు పోతుంటే పక్కవాళ్లు అందుకునేలా వారాల తరబడి నడపాలి. అగ్నిప్రమాదం, కాన్పు, ఉరి, కరెంటు షాక్, నోటి నుంచి మాట రాని చిన్నపిల్లాడి కాల్, అన్నీ ఒక్కొక్కటైనా ఆ పక్క కుర్చీలో ఉండగానే రావాలి. ఫోన్ మీద చేయి కుదిరాకే రేడియో. కానీ ఖాళీలు ఎక్కువ, మనుషులు తక్కువ కాబట్టి తరగతి గది నుంచి తిన్నగా రాత్రి షిఫ్టులోకి తోస్తున్నారు. సస్పెన్షన్ ఉత్తర్వు మీద సంతకం పెట్టిన పెద్దమనిషి ఆ అమ్మాయి పక్కన ఆ రాత్రి ఎవర్ని కూర్చోబెట్టాడో కూడా చెబితే బాగుండేది.

కొత్త కంట్రోల్ రూమ్ ప్రారంభోత్సవం ఫొటో మీరే నాలుగు కాలమ్‌ల్లో వేశారు. గోడంత తెర, రిబ్బను, కత్తెర, పూలగుచ్ఛాలు. ఆ తెర ఒక్క కాల్ కూడా ఎత్తదు. ఎత్తేది కుర్చీలో ఉన్న మనిషి, ఆ కుర్చీల్లో ఎన్ని ఖాళీగా ఉన్నాయో మాత్రం ఫొటోలో పడలేదు. పైగా వాళ్ల పనితనం కొలిచేది సగటున కాల్ ఎంత త్వరగా ముగించారన్న లెక్కతో. రాంగ్ నంబర్లు, పిల్లల ఆటలు, జేబులో నొక్కుకుపోయిన కాల్స్ గబగబా పెట్టేసినవాళ్లకు మంచి మార్కులు. పది నిమిషాలు లైన్లో ఉండి ఛాతీ నొక్కించిన మనిషి నెలాఖరు జాబితాలో అట్టడుగున ఉంటుంది. ఈ తెలివి ఎవరిదో!

బండి ఆలస్యానికి అసలు కారణాలు చాలాసార్లు ఆ గదికి బయటే ఉంటాయి. ఆసుపత్రికి చేరిన రోగిని దించుకోవడానికి అక్కడ మంచం ఉండదు, అంబులెన్స్ స్ట్రెచర్ అక్కడే చిక్కుకుపోతుంది, సిబ్బంది గుమ్మంలో నిలబడే ఉంటారు. డిస్పాచర్ తెర మీద ఆ బండి 'ఆసుపత్రి వద్ద' అనే కనిపిస్తుంది, 'ఖాళీ' అని మారదు. మ్యాపులో దగ్గరగా కనిపించే ఇంకో బండికి మధ్యలో రైల్వే గేటు ఉంటుంది. దూరపు బండిని పంపితే అది వదిలొచ్చిన ప్రాంతానికి మరో బండిని జరపాలి. ఇదంతా డిస్పాచర్ చూసుకుంటుంటే, ఒకే ప్రమాదం గురించి దారిన పోయేవాళ్లంతా చేసే ఫోన్లు క్యూను ముంచేస్తుంటాయి. తెలిసిన ప్రమాదమే కదా అని పెట్టేయడానికి లేదు, ప్రతి ఒక్కటీ ఎత్తి 'ఇది అదేనా, వేరేదా' అని తేల్చాలి. పది మంది చేసిన ఫోన్ తర్వాత పదకొండోది వేరే వీధిలో పడిపోయిన ముసలాయనది కావచ్చు.

1935 నవంబరులో లండన్ వింపోల్ వీధిలో ఇల్లు కాలి ఐదుగురు మహిళలు చనిపోయారు. ఫైర్ స్టేషన్‌కు ఫోన్ చేయబోయిన పొరుగాయన టెలిఫోన్ ఎక్స్ఛేంజీ క్యూలో చిక్కుకున్నాడు. ఆ సంగతి ఆయన ఒక పత్రికాసంపాదకుడికి ఉత్తరం రాశాడు. దాని మీద విచారణ జరిగి, 1937 జూన్ 30న అత్యవసర ఫోన్ల కోసం 999 నంబరు మొదలైంది. ఆ కాల్ వస్తే ఆపరేటర్ ముందు ఎర్రదీపం వెలిగి, హారన్ మోగేలా ఏర్పాటు చేశారు. ఎత్తే మనిషికి ఏది ముందు ఎత్తాలో తెలిసేలా పనిముట్టు మార్చారన్నమాట. మన దగ్గర ఫలానా అమ్మాయి అని వేలు చూపించగానే విచారణ అయిపోతుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే.

సంపాదకీయంలో 'మానవత్వం ఉండాలి' అని సెలవిచ్చారు. ఒక కాల్‌లో తల్లి ఏడుపు విని, పెట్టేసిన మరుక్షణం 'మా వీధి దీపం వెలగడం లేదు' అనే ఇంకో కాల్‌కు మర్యాదగా బదులు చెప్పే మనిషికి మీరు మానవత్వం నేర్పుతారా? చెడ్డ కాల్ తర్వాత ఐదు నిమిషాలు కుర్చీ లేచి వెళ్లనిచ్చే ఏర్పాటు ఉందో లేదో కనుక్కుని రాయండి, అది మానవత్వం గురించిన వార్త అవుతుంది.

రికార్డింగు ఎలాగూ మీ దగ్గర ఉంది. ఫోన్ ఎన్నో రింగుకు ఎత్తారు, చిరునామా ఎన్నో సెకనులో తేలింది, కేసు డిస్పాచర్ తెర మీద ఎప్పుడు పడింది, ఏ బండికి ఎప్పుడు అప్పగించారు, అది ఎప్పుడు కదిలింది, ఎప్పుడు చేరింది, అంతకుముందు ఏ ఆసుపత్రి గుమ్మంలో ఎంతసేపు నిలబడింది. ఈ టైములన్నీ కంప్యూటర్‌లో నమోదవుతాయి. అధికారులను అడిగి, మొదటి వార్త వేసిన పేజీలోనే వేయండి. వాళ్లు ఇవ్వబోమంటే, ఇవ్వలేదనైనా వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు