ఆటల పీరియడ్‌లో లెక్కలు చెప్పి ‘ఎ’ గ్రేడు వేస్తే ఎలా సార్?

శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా విద్యాశాఖాధికారి గారికి,

నమస్కారం. కావలి వైపు పల్లె బడుల్లో పాతికేళ్లు డ్రిల్లు సారుగా చేసి రిటైరైనవాణ్ణి. మొన్న మా మనవరాలి ప్రోగ్రెస్ కార్డు చూశాను. వ్యాయామ విద్యలో ‘ఎ’ గ్రేడు. ఏం ఆడావమ్మా అంటే, “ఆ పీరియడ్‌లో లెక్కలు చెప్తారు తాతయ్యా” అంది.

గ్రౌండులో నేను చూసింది చెప్తాను. రోజూ రానూపోనూ ఏడెనిమిది కిలోమీటర్లు సైకిల్ తొక్కే పిల్లలకు 600 మీటర్ల పరుగు ఓ లెక్క కాదు. ఇంటి ముందు ఆటో ఎక్కి బడి గేటు దగ్గర దిగేవాళ్లు రెండో రౌండుకే డొక్క పట్టుకుంటారు. ఆ రొప్పు చూసి తోటిపిల్లలు నవ్వితే, మర్నాటి నుంచి కడుపునొప్పి అంటూ చెట్టు కింద కూర్చుంటారు. ఎనిమిదో తరగతి దాటిన ఆడపిల్లలైతే మరీ. రాలేదని ఆడటం మానేస్తే ఇంకెప్పుడు వస్తుంది?

5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒంటికి పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. మన దగ్గర జూన్‌లో ఎండ మాడ్చేస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు అసలు వానలు, గ్రౌండంతా మడుగు. తీరా నేల ఆరి, పొద్దున్నే చల్లగా ఉండే జనవరి వచ్చేసరికి స్పెషల్ క్లాసులు. పదో తరగతి 600 మార్కుల్లో ఆటకు ఒక్క మార్కూ లేదాయె, హెడ్మాస్టర్లను మాత్రం ఏమనగలం? వాళ్ల రిజల్ట్ టెన్షన్ వాళ్లది.

నేను అడిగేది చిన్నది. జులైలో ఒకసారి, ఫిబ్రవరిలో ఒకసారి 600 మీటర్లు పరిగెత్తించి టైము రిజిస్టరులో రాయించండి. ఖేలో ఇండియా ఫిట్‌నెస్ పరీక్షల్లో ఈ పరుగు ఉన్నదే. (చిన్న తరగతులకైతే పులికాట్ ఫ్లెమింగోలా ఒంటికాలి మీద నిలబడే పరీక్ష కూడా ఉంది. మన పిల్లలకు అదెంతసేపు!) ఒక విజిలు, ఒక స్టాప్‌వాచి చాలు. జులైలో సగం దూరం నడిచి నాలుగున్నర నిమిషాలకు చేరిన పిల్ల ఫిబ్రవరిలో ఆగకుండా మూడున్నరకు వస్తే, ‘ఎ’ ఆ పిల్లకు వేయించండి. మండల పోటీల్లో గెలిచేవాడికి కప్పు ఎలాగూ వస్తుంది.

తనిఖీకి వెళ్లినప్పుడు ఆ రిజిస్టరు ఒక్క బడిలో అడగండి సార్. మిగతా బడులకు సాయంత్రానికల్లా తెలిసిపోతుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ వ్యాయామ ఉపాధ్యాయుడు