విశ్వ విస్తరణకు నడిబొడ్డు ఎక్కడ?

సంపాదకులకు నమస్కారం.

విశ్వం విస్తరిస్తోందన్న వ్యాసం ఏ పత్రికలో వచ్చినా, పక్కనే చిమ్మచీకటి మధ్య బాంబు పేలుతున్నట్టు ఒక బొమ్మ వేయడం ఆనవాయితీగా మారింది. ఆ బొమ్మ చూసిన పిల్లలు పేలుడు జరిగిన చోటు ఎక్కడుందని, మనం దానికి ఎంత దూరంలో ఉన్నామని అడగక మానరు. లెక్కల గుమాస్తాగా రిటైరై, ఖగోళశాస్త్రాన్ని సరదాగా చదువుకుంటున్న నాకు తెలిసినంతలో, అలాంటి చోటే లేదు.

గెలాక్సీ, అంటే కోట్లాది నక్షత్రాల సమూహం, ఎంత దూరంలో ఉంటే అంత వేగంగా మననుంచి తొలగిపోతోందని 1927లో బెల్జియం మతాచార్యుడు జార్జ్ లెమైత్ర్ సమీకరణాల నుంచి రాబట్టగా, 1929లో అమెరికా ఖగోళ శాస్త్రవేత్త ఎడ్విన్ హబుల్ పరిశీలనలతో చూపించారు. తిరుపతి–పాకాల–చిత్తూరు రైలుమార్గంలో ఊళ్ల మధ్య దూరాలన్నీ ఒకేసారి రెట్టింపయ్యాయనుకుందాం. పాకాల స్టేషన్‌లో నిలబడ్డవారికి అటు తిరుపతి, ఇటు చిత్తూరు తమనుంచే దూరం జరిగినట్టు తోస్తుంది. తిరుపతిలో ఉన్నవారికి పాకాల కంటే చిత్తూరు ఇంకా ఎక్కువ దూరం జరిగినట్టు కనిపిస్తుంది. గెలాక్సీల విషయమూ అంతే కనుక, అన్నీ మననుంచే పోతున్నాయి కాబట్టి మనమే మధ్యలో ఉన్నామనుకోవడం కుదరదు. ఆ మాటకొస్తే సూర్యుడు మన గెలాక్సీ అయిన పాలపుంతకు సైతం మధ్యలో లేడు, దాని కేంద్రానికి సుమారు 26 వేల కాంతి సంవత్సరాల (కాంతి ఏడాదిలో వెళ్లే దూరమే ఒక కాంతి సంవత్సరం) ఎడంగా ఉన్నాడు.

దూరం 32.6 లక్షల కాంతి సంవత్సరాలు పెరిగినప్పుడల్లా గెలాక్సీలు తొలగిపోయే వేగం సెకనుకు సుమారు 70 కిలోమీటర్ల చొప్పున పెరుగుతుంది. (విశ్వపు తొలినాటి వెలుగును బట్టి లెక్కిస్తే 67, సూపర్‌నోవాల (పేలిపోయే నక్షత్రాల) ఆధారంగా కొలిస్తే 73 వస్తోంది, ఈ తేడా ఎందుకో శాస్త్రవేత్తల్లోనే ఇంకా తేలలేదు. బాంబు బొమ్మ కంటే ఇది ఎంత రసవత్తరమైన కథ!)

అన్నీ విస్తరిస్తున్నాయనడమూ సరికాదు. గురుత్వాకర్షణ పట్టి ఉంచిన చోట, అంటే సౌరకుటుంబంలోనూ గెలాక్సీ లోపలా, దూరాలు ఇలా సాగవు. కార్తీక అమావాస్య రాత్రి మబ్బు లేనప్పుడు, ఊరి దీపాలకు ఎడంగా వెళ్లి, ఉత్తరాభాద్ర నక్షత్రాలకు ఈశాన్యంగా బైనాక్యులర్స్ తిప్పితే, కోలగా, పలచగా ఒక తెల్లని మసక కనబడుతుంది. సుమారు 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలోని ఆండ్రోమెడా గెలాక్సీ అది. అది దూరం కావడం మాట అటుంచి, సెకనుకు దాదాపు 110 కిలోమీటర్ల వేగంతో పాలపుంత వైపే వస్తోంది.

చిత్తూరుకు పొరుగున, తమిళనాడులోని కావలూరులో, 2.34 మీటర్ల వైను బప్పు టెలిస్కోపు 1986 నుంచి ఉంది. అక్కడ పనిచేసే శాస్త్రవేత్తల చేత ఇలాంటి సందేహాలకు మీ ఆదివారం సంచికలో జవాబులు రాయించవలసిందిగా, వాటి పక్కన ఆ బాంబు బొమ్మ మాత్రం వేయవద్దని మనవి.

– ఒక పాఠకుడు, చిత్తూరు